మోసేవారిని అడుగు

ఏటి ఒడ్డున ఒక మేదరి, అతని ఇద్దరు కొడుకులు గంపలల్లి బతికేవారు. పెద్దవాడు వెదురు కొసన కత్తితో చిన్న గాటు పెట్టి, ఆపైన రెండు చేతులతో లాగేవాడు. వెదురు దాని పీచు వెంబడే చీలేది. చిన్నవాడికి కత్తి మీదే నమ్మకం. మొదలు నుంచి చివరిదాకా కోసుకుంటూ పోయేవాడు. సంతలో పెడితే రెండు గంపలూ ఒక్కలాగే కనిపించేవి.

ఒకరోజు చేపలమ్మే ఆమె చిన్నవాడి గంప తెచ్చి దించింది.

"ఎత్తినప్పుడల్లా అరచేతిలో గుచ్చుకుంటోంది తమ్ముడూ."

"అంచు చూడక్కా, ఎంత నున్నగా ఉందో!"

తండ్రి వారించాడు. "అంచు చూసేది సంతకొచ్చినవాళ్లురా. మోసేది అక్క. గంప ఎలా కుదిరిందో ఆమెను అడుగు."

చిన్నవాడు గాటు పెట్టి లాగడం నేర్చుకున్నాడు. గంప కొన్నవాళ్లను అడగడమూ నేర్చుకున్నాడు.

నీతి: పని మంచిచెడ్డలు చెప్పాల్సింది దాన్ని మోసేవారే.

సిజేరియన్‌కు ఈ నీతి అచ్చంగా వర్తిస్తుంది. పొత్తికడుపు కింద అడ్డంగా కోసే పద్ధతిని ఫానెన్‌స్టీల్ అనే డాక్టరు 1900లో ప్రకటించాడు. మచ్చ అంతగా కనబడని సొగసైన కోత అది. 1980లలో జెరూసలేంలోని మిస్గావ్ లదాఖ్ ఆసుపత్రిలో డాక్టర్ మైకేల్ స్టార్క్ మరో దారి తొక్కాడు. జోయెల్-కోహెన్ అనే మరో డాక్టరు చెప్పిన కోతనే తీసుకుని, లోపలి పొరకు మధ్యలో చిన్న గాటు పెట్టి, మిగతాది వేళ్లతో సాగదీశాడు. కండరాలను కోయకుండా పక్కకు లాగాడు. పొట్టలోపలి పల్చటి పొరకు కుట్లే వేయలేదు. రెండింటినీ పోల్చిన అధ్యయనాల్లో ఈ తరహా పద్ధతితో రక్తస్రావం, జ్వరం, నొప్పి తగ్గాయి. ఎవరికి ఏది తగునో డాక్టరే తేల్చాలి. నొప్పి ఎంతో చెప్పగలిగేది మాత్రం బాలింత ఒక్కతే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. అంటే ఈ నొప్పి మన ప్రతి వీధిలోనూ ఉంది. అయినా "కుట్లు బాగా మానాయి" అనేసి ఊరుకుంటాం. ఆమె పక్కకు తిరగగలుగుతోందా, దగ్గితే తట్టుకోగలుగుతోందా, కూర్చుని పాలివ్వగలుగుతోందా అని అడగం. నొప్పి ఉంటే బాలింత లేచి నడవదు, పాలివ్వడానికీ జంకుతుంది. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వంటివి పాలిచ్చే తల్లుల్లో చాలామంది వాడవచ్చు. నొప్పి ముదిరాక కాకుండా, డాక్టరు చెప్పిన వేళకే వేయాలి. అత్తలారా, అమ్మలారా, "ఓర్చుకో" అనకండి. నొప్పి తగ్గకపోయినా, పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా ఆమెను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.