పేరు ఎవరి సొమ్ము?

టేకల్ స్టేషనులో తూర్పుదిక్కుగా రైలెక్కినవాడు కొంతసేపటికి బంగారుపేట చేరును. 1862 మొదలు 1870 వరకు మైసూరు రాజ్యమునకు కమిషనరుగా నుండిన బౌరింగు దొర పేర ఆ ఊరిని ఒకప్పుడు బౌరింగుపేట అనెడివారు. నేడు పేరులో బంగారమున్నది గాని ఊరిలో గని లేదు. బంగారము త్రవ్వినది అవతలి కోలారు గనులలో. అవియు 2001లో మూతపడినవి. పేరొకచోట, వస్తువొకచోట. మనుష్యుల పేర్లును పెక్కుమార్లు ఇట్టివే.

జైనుల ఇంటిపేర్లను విచారించినచో కొన్ని ఊళ్ళను, కొన్ని వృత్తులను, కొన్ని సత్కార్యములను తెలుపును. రాజస్థానమందలి ఓసియా నుండి వచ్చినవారు ఓస్వాలులు. భండారము కాచినవాడు భండారి. ధాన్యపు కొఠారు చూచినవాడు కొఠారి. తన ఖర్చుతో యాత్రికులను తీర్థములకు నడిపించిన సంఘపతి వంశమువారు సంఘవీలు. శ్రేష్ఠి శబ్దమే ప్రాకృతమున సెట్ఠియై, దక్షిణదేశమున శెట్టి అయినది.

ఇక తెలుగునాట బిడ్డలు దక్కని తల్లి, పుట్టిన శిశువును ఎంగిలి విస్తళ్ళపై దొర్లించి పుల్లయ్య యనియు, పెంటకుప్పపై నుంచి పెంటయ్య యనియు పిలుచుట కలదు. పేరు హీనము, పెట్టిన ప్రేమ హీనము కాదు.

టేకల్ అంగడికి ఇద్దరు అరువుకు వచ్చిరనుకొందము. ఒకడు గొప్ప ఇంటిపేరువాడు, రెండవవాడు పుల్లయ్య. మొదటివానికి వెంటనే మూట కట్టించి, రెండవవానిని రేపు రమ్మనుట అంగడివీథిలో వింత కాదు. కాని ఆ వర్తకుడు నమ్మినదెవరిని? ఎన్నడో గతించిన తాతను. తాత సత్యము మనుమని ఖాతాకు జమపడునా? మనుష్యుడు బ్రాహ్మణుడైనను శూద్రుడైనను తన కర్మచేతనే యగునని ఉత్తరాధ్యయన సూత్రము 25వ అధ్యయనము చెప్పుచున్నది.

అట్లని వంశనామము వ్యర్థమా? కాదు. పెద్దల పేరు చెడునను భయముచే తప్పుడు తూకమునకు చేయి చాపనివారు ఎందరో కలరు. తత్త్వార్థసూత్రము నామ, స్థాపన, ద్రవ్య, భావములను నాలుగు నిక్షేపములను చెప్పినది. గుణముతో నిమిత్తము లేక పిలుచుటకై పెట్టినది నామనిక్షేపము. ఆ గుణము నిజముగా కలిగియుండుట భావనిక్షేపము. లోకవ్యవహారమున నిక్షేపమనగా ఒకరు దాచుమని ఇచ్చిన సొమ్ము. ఇంటిపేరును అట్టిదే. దానిని వాడుకొని తినివేయరాదు. తరువాతివారికి తరుగు లేక అప్పగింపవలెను.

గర్భమున పడిన నాటినుండి ఇంట సిరి పెరిగెనని ఒక శిశువునకు తల్లిదండ్రులు వర్ధమానుడని పేరిడిరి. ఘోరమైన కష్టములను చలింపక సహించినందున ఆయనయే మహావీరుడని పిలువబడెను. మొదటి పేరు ఇచ్చినది, రెండవది ఆర్జించినది. జినుడనగా జయించినవాడు. పేరు చివర జైన్ అని వ్రాయుటకు సిరాచుక్క చాలును. ఆ మాటను నిజము చేయుటకు, పుల్లయ్య వచ్చినపుడు వాని పేరు విడిచి వాని నడత చూచెడి మనస్సు కావలెను.