పోసిన అంకె, గుద్దిన అంకె

పాత కారు ఇంజన్ మీద రెండు రకాల అంకెలుంటాయి. ఒకటి పోతలో వచ్చినది. ఇసుక అచ్చులో కరిగిన ఇనుము పోసినప్పుడే ఉబ్బెత్తుగా తేలుతుంది. రెండోది ఆ తర్వాత ఎవరో పంచ్ పెట్టి సుత్తితో గుద్దినది, లోపలికి దిగి ఉంటుంది. పోసిన అంకె ఆ బ్లాకు ఏ నమూనాదో, ఎప్పటిదో చెప్తుంది. ఫలానా ఇంజన్ ఇదే అని చెప్పేది గుద్దిన అంకె. పాత కార్ల లోకంలో అబద్ధాలు ఎక్కువగా పుట్టేది ఈ రెండోదాని దగ్గరే.

నా మిత్రుడి తాతగారి 1951 షెవ్రోలే ఈమధ్య ఫిల్మ్‌నగర్‌లో ఒక షెడ్డుకి చేరింది. పీరియడ్ సినిమాలకి పాత కార్లు సిద్ధం చేసే చోటు అది. ఆర్సీ బుక్కులో ఒక ఇంజన్ నంబరుంది. డిస్ట్రిబ్యూటర్ వెనక ఉన్న నున్నటి చదును మీద గుద్దింది ఇంకొకటి. మసి తుడిస్తే పోతలో 'ఏ 9 4' కనిపించింది. షెవ్రోలే వాళ్ళ లెక్కలో అక్షరం నెలకి, తర్వాతది తేదీకి, చివరిది సంవత్సరంలో ఆఖరి అంకెకి. అంటే జనవరి 9. సంవత్సరం మాత్రం 1954 అయినా కావచ్చు, 1964 అయినా కావచ్చు. పక్కనున్న నమూనా నంబరుని బట్టి 54 అని తేలింది. 1951 కారులో 1954 ఇంజన్! ఆ రోజుల్లో షెవ్రోలే కార్లకీ లారీలకీ ఒకే కుటుంబానికి చెందిన ఆరు సిలిండర్ల ఇంజన్లు ఉండేవి. ఇది లారీది. ఎప్పుడో బ్లాకు పగిలి ఉంటుంది, దొరికింది బిగించారు.

షూటింగుకైతే ఇదేమీ పట్టదు. ఇంజన్ చప్పుడు ఎలాగూ తర్వాత కలుపుతారు. చిక్కల్లా రిజిస్ట్రేషన్‌తోనే. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు, నంబర్ ప్లేట్ మీద 'వీఏ' అనే అక్షరాలతో. కొత్త నమోదుకి ఫీజు 20,000 రూపాయలు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి. మెకానిక్ తేలిగ్గా తేల్చేశాడు: "టెన్షన్ ఎందుకన్నా, గ్రైండ్ కొట్టి బుక్కుల ఉన్న నంబరే గుద్దుదం. ఈ బండి నంబరే గద, దొంగ నంబరైతే కాదు గద!"

తీసిపారేసే వాదన కాదిది. రథం అంటే చక్రాలా, ఇరుసా, నొగలా అని నాగసేనుడు మిళిందుణ్ణి అడిగాడు. ఏదీ కాదు, అన్నీ కూడినప్పుడు మనం పిలుచుకునే పేరే రథం. ఇంగ్లండులో ఇదే గొడవ కోర్టుకెక్కింది. 1929, 1930 లె మాన్ పందేలు గెలిచిన 'ఓల్డ్ నంబర్ వన్' అనే బెంట్లీని కోటి పౌండ్లకి కొనడానికి ఒప్పుకున్నవాళ్ళు, ఇది ఆ కారు కాదని అడ్డం తిరిగారు. 1932లోనే దానికి ఎనిమిది లీటర్ల వేరే ఇంజన్ పడింది. గెలిచిననాటి భాగాలు బహు కొద్ది. అయినా 1990లో జస్టిస్ ఆటన్ ఇది అసలైన ఓల్డ్ నంబర్ వనే అన్నాడు. దాని చరిత్ర ఎక్కడా తెగలేదు, ఆ పేరుకి పోటీపడే కారు ఇంకోటి లేదు.

అయితే మెకానిక్ మాటే నెగ్గిందా? నాకలా అనిపించదు. ఆ తీర్పు నిలబడిందే మార్పులన్నీ బయటపడి ఉండటం వల్ల. ఇంజన్ మారినా కారు అదే కారు, సరే. గుద్దిన అంకె మాత్రం కారు పేరు కాదు. ఫలానా రోజున ఫలానా ఇనుము ముందు ఒక మనిషి నిలబడి సుత్తి ఎత్తాడని చెప్పే సాక్ష్యం. అదే అంకెని ఇంకో ఇనుము మీద మనం కొడితే, అంకె నిజమే, సాక్ష్యం అబద్ధం. గిట్‌లో కమిట్ నంబరు లోపలి కోడ్ నుంచే లెక్కకట్టి వస్తుంది, కామా మార్చినా అది మారిపోతుంది. ఇనుముకి ఆ సదుపాయం లేదు. నంబరుకీ వస్తువుకీ మధ్య ఉన్నది మనిషి మాట ఒక్కటే.

ఫిల్మ్‌నగర్‌కి ఇది కొత్త పాఠమేం కాదు. తెర మీద పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది. దాన్నెవరూ మోసం అనరు, టైటిల్స్‌లో పేరు వేస్తే సరి. ఇంజన్‌కీ అలాంటి దారి ఉంది: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పు చెప్పి ఆర్సీలో ఎక్కించుకోవచ్చు. కాకపోతే 'అసలు రూపం' అనే మాట అలా చెప్పినవాడికే అడ్డం పడొచ్చు. గుట్టుగా గుద్దించినవాడి కాగితం సాఫీగా కదిలిపోతుంది. ఈ నిబంధన రాసినవాళ్ళు పాత బళ్ళని అద్దాల బీరువాలోనే చూశారేమో! ఈ దేశంలో అరవైల్లో, డెబ్భైల్లో బండి నడవాలంటే దొరికిన భాగంతోనే నడిచింది. అదీ దాని అసలు రూపమే.

మిత్రుడు ఇంకా ఎటూ తేల్చుకోలేదు. నేను అతనితో అన్నది ఒకటే. గ్రైండర్ పెడితే పోయేది కారు గుట్టు ఒక్కటే కాదు. 1954లో పోసిన ఆ ఇంజన్‌తో ఎక్కడో ఒక లారీ తిరిగింది. దాని ఛాసిస్ ఏ తుక్కు కొట్టుకో పోయి ఉంటుంది. అది ఉండేదని చెప్పడానికి ఇప్పుడు మిగిలింది, మనకి అడ్డంగా కనిపిస్తున్న ఆ నంబరే.