పేరు నిలుచుటకు వెల ఎవరు చెల్లింతురు?

ఆదికాండము పదియవ అధ్యాయములో నిమ్రోదు రాజ్యమునకు మొదలుగా చెప్పబడిన పట్టణములలో ఎరెకు ఒకటి. చదువరులు సాధారణముగా ఆ పేరును దాటిపోవుదురు. మెసొపొతమియ మట్టిపలకలలోని ఊరుక్ పట్టణము ఇదియే. గిల్గమేషు రాజు కథ ఇచ్చటిదే. నీనెవె శిథిలములలో దొరికిన పలకలమీద జార్జి స్మిత్ అను పండితుడు 1872లో జలప్రళయ వృత్తాంతమును గుర్తించినప్పటినుండి ఈ కావ్యమును గూర్చిన చర్చ నోవహు చుట్టునే తిరుగుచు వచ్చినది. అది సహజమే. అయితే కావ్యము అడుగు ప్రశ్న వేరు: చావు తప్పని మనుష్యునికి ఏమి మిగులును?

గిల్గమేషు మొదట కోరినది పేరు. దేవదారు వనమునకు పోయి దాని కావలివాడైన హుంబాబాను ఎదిరించిన యెడల, తాను కూలినను కీర్తి నిలుచునని అతడు తలంచెను. పట్టణపు పెద్దలు వారించిరి. అతడు వినక ఎంకిడు అను స్నేహితునితో బయలుదేరెను. కావలివాడు ప్రాణభిక్ష వేడుకొన్నను చంపిరి, మహావృక్షములను నరికిరి. పిమ్మట దేవతలు విధించిన చావు గిల్గమేషును విడిచి ఎంకిడుమీద పడినది. ఒకరి కీర్తికి మరియొకరు ప్రాణమిచ్చిరి. శవము ముక్కునుండి పురుగు రాలువరకు, ఆరు పగళ్లు ఏడు రాత్రులు, గిల్గమేషు దానిని పాతిపెట్టనియ్యలేదు. అటుతరువాత అతడు అమరత్వమునకై పరుగెత్తినది భయముచేతనే. కీర్తి సంగతి ఆ దినములలో అతని నోట వినబడదు.

సముద్రపు లోతునుండి యౌవనమిచ్చు మొక్కను తెచ్చినప్పుడు దానిని ముందుగా ఊరిలోని ఒక వృద్ధునికి తినిపించి చూచెదననెను. ఇది దయయా, జాగ్రత్తయా? కావ్యము చెప్పదు. ఎంకిడును పోగొట్టుకొన్న తరువాతను తన మేలుకొరకు మరియొకని ముందు నడిపించు అలవాటు పోలేదని అనుమానించుట అన్యాయము కాదు. అతడు స్నానము చేయుచుండగా సర్పము ఆ మొక్కను ఎత్తుకొనిపోయెను.

వీరత్వమును అడవితో ముడివేసిన మరియొక చరిత్ర తెలుగు సీమ పొరుగుననే ఉన్నది. కాకతీయుల శాఖమని చెప్పుకొన్న రాజులు ఏలిన బస్తరులో, 1905లో ఆంగ్ల ప్రభుత్వము అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయ తలపెట్టినది. పోడు సేద్యము, వేట, అటవీ ఫలముల సేకరణ ఆగిపోవు స్థితి. అంతకుముందే వెట్టి, కౌలు, 1899–1900 నాటి కరవు. తరువాత 1907–08లో మరల కరవు. మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణములు ఊరినుండి ఊరికి సందేశముగా నడిచినవి. 1910 ఫిబ్రవరిలో లేచిన ఆ తిరుగుబాటునకు భూమ్‌కాల్ అని పేరు. నేతనారు గ్రామపు ధుర్వా తెగవాడైన గుండాధూర్ దానిలో ప్రముఖుడు. ధుర్వా భాషయు తెలుగువలె ద్రావిడ కుటుంబములోనిదే.

ప్రభుత్వమునకు అదుపు దొరకుటకు మూడు నెలలు పట్టెను. పట్టుబడినవారు కొరడా దెబ్బలు తినిరి, శిక్షలు పొందిరి. గుండాధూర్ మాత్రము దొరకలేదు. రిజర్వు చేయదలచిన విస్తీర్ణము దాదాపు సగమునకు తగ్గించబడినది. ఆ సగములో దెబ్బలు తినినవారి పాలు ఎంత? వారి పేర్లు పాటలకెక్కుట అరుదు. ఇక్కడను వెల చెల్లించినవారు వేరు, పేరు నిలిచినవాడు వేరు అని ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. అయితే ఊరుక్ రాజు పెద్దల మాటను త్రోసి తన కీర్తికై అడవిని నరికెను. నేతనారు మనుష్యుడు ఊళ్లన్నిటితో కలిసి, అందరును బ్రదుకు అడవి కొరకు లేచెను. ఈ తేడా చిన్నది కాదు.

కావ్యపు పదకొండవ పలక చివర, వట్టిచేతులతో తిరిగివచ్చిన గిల్గమేషు తన పడవవానికి ఊరుక్ ప్రాకారమును చూపి, ఎక్కి ఇటుకలను పరీక్షించుమని చెప్పును. ఇటుకలు కాల్చినవారెవరో చెప్పడు. బస్తరులో మారియాలు వీరులకే గాక సామాన్యులైన తమ మృతులకును నిలువురాళ్లు పాతిరి. దంతెవాడ చేరువనున్న గామావాడలో అట్టివి ఇప్పటికిని వరుసగా నిలిచియున్నవి. ఇటీవలి స్తంభములమీద రంగులతో చనిపోయినవాని బ్రదుకును చిత్రింతురు. అందు ఎద్దులుండును, కొన్నిట సైకిలుండును.