చూడడానికి వెళ్ళే హక్కు

సంక్రాంతి నాడు అరిసెలు తింటూ మా ఇంట్లో మొదలైన చర్చ ఉగాది పచ్చడి నాటికి కూడా తెమలలేదు. ప్రశ్న చిన్నదే. జూలైలో దొరికే మూడు వారాల సెలవు ఎక్కడ గడపాలి? ఇన్నేళ్ళుగా మాకు ఈ ప్రశ్నే ఎదురు కాలేదు. సెలవంటే హైదరాబాదు విమానం, అక్కడినుంచి విశాఖపట్నం, అక్కడినుంచి కారులో శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరు. మొదటి వారం పగలు నిద్ర, రాత్రి జాగారం. రెండో వారం బంధువుల పలకరింపులు. మూడో వారం బ్యాంకు పనులు, పొలం కాగితాలు, పిల్లల విరేచనాలు. తిరిగి వచ్చిన మర్నాడే ఆసుపత్రిలో డ్యూటీ. ఈ అనుభవం మన సభ్యులలో చాలామందికి కొత్త కాదనుకుంటాం.

ఈ ఏడు మా తొమ్మిదేళ్ళ అమ్మాయి లైబ్రరీ నుంచి సముద్రపు తాబేళ్ళ పుస్తకం తెచ్చి, "కోస్టారికా వెళదాం" అని పట్టుబట్టింది. మాకూ ఎక్కడో ఆశ పుట్టింది. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేని సముద్రతీరం, ఫోను మోగని పది రోజులు. ఆశ పుట్టిన మరుక్షణమే తప్పు చేస్తున్నామేమో అన్న బెరుకు కూడా పుట్టింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మిత్రులతో ఈ మాట అంటే అందరూ ఒకటే జవాబు చెప్పారు: "ఇంత కష్టపడుతున్నారు, ఆ మాత్రం విశ్రాంతికి మీకు అర్హత లేదా?" వినడానికి బాగానే ఉంది. కాని మా వార్డులో రాత్రిపూట రోగుల పక్కలు మార్చి, ఒళ్ళు తుడిచే ఆయా మాకంటే ఎక్కువ గంటలు పనిచేస్తుంది. ఆమె సముద్రం చూసి ఎన్నేళ్ళయిందో మేము ఎన్నడూ అడగలేదు. కష్టమే అర్హత అయితే ఆ విమానంలో ముందు కూర్చోవలసినది ఆమె. కనుక అర్హత అన్న మాట ఇక్కడ నిలవదు. మాకు దొరికింది అదృష్టం. అదృష్టం అనుభవించడం పాపమని మేము అనడం లేదు. కాని అది చేతికి వచ్చాక ఎలా నడుచుకోవాలన్నది ఆలోచించవలసిన విషయమే.

కోస్టారికా చిన్న దేశం. సుమారు 51 వేల చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మూడోవంతు కూడా లేదు. జనాభా యాభై లక్షల పైచిలుకు. 1948లో అంతర్యుద్ధం ముగిశాక సైన్యాన్నే రద్దు చేసుకుని, 1949 రాజ్యాంగంలో ఆ మాట వ్రాసుకున్నారు. పశువుల మేత కోసం అడవులు నరుక్కుంటూ పోయి, 1980ల నాటికి చాలా భాగం పోగొట్టుకున్నారు. తరువాత కళ్ళు తెరిచి, 1996లో అడవుల చట్టం చేశారు. చెట్లు నరకకుండా ఉంచిన రైతుకు, పెట్రోలు మీద పన్నులోంచి కొంత సొమ్ము ఇవ్వసాగారు. ఇప్పుడు దేశంలో సగానికి పైగా మళ్ళీ అడవే. నేలలో దాదాపు నాలుగోవంతు రక్షిత ప్రాంతం. ఒకవైపు పసిఫిక్, ఇంకొకవైపు కరీబియన్, మధ్యలో అగ్నిపర్వతాలు, కోతులు, చెట్లకు వేలాడే బద్ధకపు జంతువులు. ఇవి చూడడానికే ఏటా లక్షల మంది వస్తున్నారు. ఆ రాబడి వల్లే అడవి కొంత నిలిచిందనడం అబద్ధం కాదు.

అయితే అదే దేశంలో జరిగిన ఒక సంగతి చదివాక మా బెరుకు రెట్టింపయింది. పసిఫిక్ తీరాన ఓస్టియొనాల్ అనే పల్లె ఉంది. అక్కడికి నెలకొకసారి, ఎక్కువగా చంద్రుడు క్షీణించే రోజుల్లో, ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్ళు వేల సంఖ్యలో ఒక్కసారిగా గుడ్లు పెట్టడానికి ఒడ్డుకెక్కుతాయి. 2015 సెప్టెంబరులో ఆ వింత చూడడానికి వందల మంది యాత్రికులు ఇసుక మీద కిక్కిరిసిపోయారు. ఫొటోల కోసం కొందరు పిల్లల్ని తాబేళ్ళ వీపుల మీద కూర్చోబెట్టారట. ఉన్న కొద్దిమంది కాపలావాళ్ళు ఆపలేకపోయారు. చాలా తాబేళ్ళు గుడ్లు పెట్టకుండానే వెనక్కు తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోయాయి.

ఆ వచ్చినవాళ్ళు దుర్మార్గులు కారు. తాబేళ్ళంటే ఇష్టం ఉండబట్టే అంత దూరం వచ్చారు. మా అమ్మాయి లాంటి పిల్లలే వాళ్ళ చేతులు పట్టుకుని ఉంటారు.

అదే పల్లెలో దీనికి సరిగ్గా తలకిందులైన సంగతి ఇంకొకటి ఉంది. ఓస్టియొనాల్ ప్రజలు ఆ గుడ్లు తవ్వి తీసుకుంటారు, తింటారు, అమ్ముకుంటారు. 1987 నుంచి అది చట్టసమ్మతం. తాబేళ్ళ రాక మొదలైన తొలి గంటల్లో పెట్టిన గుడ్లలో చాలా భాగాన్ని తరువాత వచ్చే తాబేళ్ళే తవ్వి పాడుచేస్తాయి. ఎలాగూ పోయే ఆ గుడ్లలో కొన్నిటిని ఊరివాళ్ళు తీసుకోవచ్చు. దానికి ప్రతిగా ఒడ్డు శుభ్రం చేస్తారు, దొంగల నుంచి కాపలా కాస్తారు, పిల్లలు పుట్టినప్పుడు పక్షుల బారి నుంచి కాచి సముద్రం దాకా సాగనంపుతారు. గుడ్డు తినేవాడు కాపాడుతున్నాడు, ప్రేమతో చూడవచ్చినవాడు తొక్కుతున్నాడు. ఇది చదివి మా అమ్మాయి ఏడ్చింది. "గుడ్లు తినేవాళ్ళు మంచివాళ్ళెలా అవుతారు?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

ఆ రాత్రి మాకు వైద్య కళాశాల రోజులు గుర్తుకు వచ్చాయి. మూడో సంవత్సరంలో వార్డు క్లినిక్స్. గుండె కవాటం బిగుసుకుపోయిన ఒక ముసలమ్మ మంచం చుట్టూ ఇరవై మందిమి నిలబడ్డాం. ఆ జబ్బులో వినిపించే శబ్దం పుస్తకంలో చదివిన దానికంటే స్పష్టంగా ఉందని ప్రొఫెసరుగారు సంబరపడ్డారు. ఒకరి తరువాత ఒకరం స్టెతస్కోపు పెట్టాం. పైట సర్దుకోవడానికి ఆవిడకు సందు దొరకలేదు. అందరిదీ అయ్యాక, "అయిపోయిందా బాబూ, ఇంక పడుకోనా?" అని అడిగింది. మాలో ఒక్కరమూ జవాబు చెప్పలేదు. తరువాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయాం. మేము నేర్చుకున్న విద్యలో ఆవిడ గుండె చప్పుడు ఉంది. ఆవిడ పేరు లేదు.

మేము చూడడానికి వెళ్ళాం. ఆ చూపు వల్ల తరువాత ఎందరో రోగులకు మేలు జరిగింది, నిజమే. కాని ఆవిడ ఒప్పుకుందా? తాబేలును ఒప్పుకున్నావా అని అడగలేం. దాని తరఫున ఒప్పుకోగలవాళ్ళు, దాని కాపలాకు తమ రాత్రులు ఖర్చుపెట్టేవాళ్ళే అని మేము మొదట తీర్మానించుకున్నాం. ఊరివాళ్ళు రమ్మంటే వెళ్ళవచ్చు, వాళ్ళు చెప్పిన చోట నిలబడవచ్చు. ఇంతటితో లెక్క తేలిందనుకున్నాం.

మా ఇంటావిడ ఒప్పుకోలేదు. "డబ్బు అవసరం ఉన్నవాళ్ళు రమ్మనక ఏం చేస్తారు? మీ ముసలమ్మ కూడా వద్దనలేదుగా. ధర్మాసుపత్రి గనుక, వద్దంటే మందు ఇవ్వరేమోనన్న భయం" అంది. ఆ మాటకు చాలాసేపు తడుముకున్నాం. చివరికి మాకు తోచినది ఇది. ఒప్పుదల నిజమైనదా కాదా అని తెలుసుకోవాలంటే, కాదనడానికి వీలుందా అని చూడాలి. ముసలమ్మకు కాదనే వీలు లేదు. కనుక ఆ రోజు మేము చేసింది తప్పే. ఇరవై మందికి బదులు నలుగురం వెళ్ళి, అడిగి, తెర కట్టి, పేరు పెట్టి పలకరించి ఉంటే ఆవిడ కాదనగలిగేది. అప్పుడు అవునన్నా ఆ అవునుకు విలువ ఉండేది.

ఈ గీటురాయి మీద చూస్తే అన్ని సముద్రతీరాలూ ఒకటి కావు. తీరమంతా ఎక్కడివాళ్ళో కొనేసి, ఊరివాళ్ళను గదులు ఊడ్చే పనికి పెట్టుకున్న చోట ఊరు కాదనలేదు. కరీబియన్ వైపు టోర్టుగెరో అనే పల్లె ఉంది. అక్కడికి రోడ్డు లేదు, పడవలోనో చిన్న విమానంలోనో వెళ్ళాలి. ఒకప్పుడు ఆ తీరంలో పచ్చ తాబేళ్ళను మాంసానికీ గుడ్లకూ వేటాడేవారు. 1950ల నుంచి ఆర్చీ కార్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు అక్కడ పరిశోధన చేసి, రక్షణకు పునాది వేశారు. ఇప్పుడు ఆ ఊరివాళ్ళలో చాలామంది అనుమతి పొందిన గైడ్లు. రాత్రి వాళ్ళు లేకుండా ఒడ్డుమీదికి వెళ్ళకూడదు. చిన్న గుంపులుగానే తీసుకువెళతారు. టార్చిలైటు వేయకూడదు, ఫొటో తీయకూడదు, ముదురు రంగు బట్టలే కట్టుకోవాలి. తాబేలు గుడ్లు పెట్టడం మొదలుపెట్టేవరకు దగ్గరకు పోనివ్వరు. ఏదీ రాకపోతే చూడకుండానే వెనక్కు రావాలి. డబ్బు కట్టి కూడా చూడకుండా తిరిగి రావడానికి సిద్ధపడేవాళ్ళకే ఆ చూపు తగుతుందని మాకు అనిపించింది. మా అమ్మాయి ప్రశ్నకూ ఇందులోనే జవాబు దొరికింది. మంచివాళ్ళెవరో తాబేలు దగ్గర ఎవరు ఏడాది పొడుగునా ఉంటున్నారో చూసి చెప్పాలి తల్లీ అన్నాం.

ఇదంతా వీడియోలో నాన్నగారికి చెప్పాం. ఈ జూలైలో రావడం లేదని చెప్పలేక, చుట్టూ తిరిగి చెప్పాం. ఆయన అంతా విని, నవ్వి, "తాబేళ్ళు చూడ్డానికి అంత దూరం ఎందుకురా? మన రేవులో మాఘమాసంలో రావూ?" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. రమ్మని అడగలేదు.

పుస్తకాలు తిరగేశాం. ఓస్టియొనాల్‌లో ఎక్కే ఆలివ్ రిడ్లీ, మన తీరానికి వచ్చే తాబేలు ఒక జాతే. ఒడిశాలో గహీర్‌మఠ, ఋషికుల్య తీరాలకు లక్షల్లో, మన శ్రీకాకుళం, విశాఖ తీరాలకు విడివిడిగా, జనవరి నుంచి మార్చి వరకు వస్తాయి. ఇవి ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవులు. ట్రాలరు వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చచ్చిపోతాయి. చిన్నప్పుడు కళింగపట్నం ఒడ్డున ఉబ్బిపోయిన తాబేళ్ళను కర్రతో పొడిచి పరుగెత్తాం. అవి ఎందుకు చచ్చాయని ఎవరినీ అడగలేదు. ఏటా శ్రీకూర్మం వెళ్ళి కూర్మావతారానికి దండం పెట్టి, అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న సముద్రంలో ప్రాణంతో ఉన్న కూర్మాన్ని ఒక్కసారి చూడలేదు. దాని ఇంగ్లీషు పేరు కూడా అమెరికాలో, మా పిల్ల పుస్తకంలో నేర్చుకున్నాం.

ఇందులో ఒక చిక్కు ఉంది. మన తాబేళ్ళు అమెరికా బడి సెలవులకు రావు. అవి వచ్చే ఫిబ్రవరిలో పిల్లలకు క్లాసులు, మాకు ఆసుపత్రిలో జలుబులు, న్యుమోనియాలు. ఇన్నేళ్ళుగా మేము ఇంటికి వెళ్ళినది మాకు వీలైన నెలలో. నాన్నగారికి వీలుందా, అక్కడ చూడవలసినది ఉందా అని ఎన్నడూ చూసుకోలేదు. ఆలోచిస్తే, కన్నవాళ్ళ విషయంలో కూడా మేము యాత్రికులమే. వచ్చాం, ఫొటోలు తీసుకున్నాం, అలసిపోయి వెళ్ళిపోయాం. రావద్దని అనగలిగే వీలు వాళ్ళకు మాత్రం ఎక్కడుంది?

చివరికి మూడు వారాలను రెండుగా కోశాం. జూలైలో ఎనిమిది రోజులు టోర్టుగెరో. మిగిలినది ఫిబ్రవరికి. పిల్లలు బడి మానుతారు. దానికి టీచరుగారికి ఉత్తరం వ్రాశాం. ఆసుపత్రిలో ఆ రెండు వారాలు మా పని చూసే మిత్రునికి బదులుగా క్రిస్మస్ రాత్రులు మేము చేస్తామని ఒప్పుకున్నాం. ఈసారి బంధువుల ఇళ్ళ జాబితా తీసుకువెళ్ళడం లేదు. నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఇసుకలో అర్ధరాత్రి నడవగలరో లేదో తెలియదు. అడిగితే, "కుర్చీ వేయించండిరా, కూర్చుంటాను. కాని వాటికి లైటు మాత్రం వెయ్యకండి, బెదురుతాయి" అన్నారు. ఈ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో మాకు తెలియదు. ఆయన ఆ ఒడ్డున ఇన్నేళ్ళుగా ఉంటున్నారు.

సెలవుల ప్రణాళికలో ఉన్న సభ్యులు తమ లెక్కలు ఎలా తేల్చుకున్నారో వచ్చే సంచికకు వ్రాస్తే చదవాలని ఉంది. ముఖ్యంగా మా ఇంటావిడ ప్రశ్నకు మాకంటే మంచి జవాబు ఉన్నవారు తప్పక వ్రాయగలరు. ఆవిడ మా జవాబుకు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.