లేనిది ఎక్కడ లేదు

2008లో వెలువడిన ఐఎస్‌ఓ/ఐఈసీ 24751 అనే అంతర్జాతీయ ప్రమాణం ఆన్‌లైన్ చదువు విషయంలో వైకల్యం అంటే ఏమిటో చెప్పింది. నేర్చుకునేవారి అవసరానికీ, వారికి అందిన పాఠానికీ పొంతన కుదరకపోవడమే వైకల్యం అన్నది ఆ నిర్వచనం సారాంశం. అంటే అది మనిషి ఒంట్లో ఉండే లక్షణం కాదు, మనిషికీ పాఠానికీ నడుమ ఏర్పడే స్థితి. కంప్యూటర్ వ్యవస్థలు సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి రాసుకున్న సాంకేతిక పత్రం అది. అయినా ఆ ఒక్క మాటతో తత్త్వశాస్త్రంలోని ఒక పాత వివాదంలో పక్షం వహించింది. ఏదైనా లేనప్పుడు, ఆ లేకపోవడం ఎక్కడ ఉన్నట్టు?

లేకపోవడాన్ని నిశితంగా విడదీసి చూసినవి న్యాయ వైశేషిక దర్శనాలు. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం నేటికీ సంస్కృత విద్యార్థులకు తర్కంలో తొలి పుస్తకం. అందులో చెప్పిన ఏడు పదార్థాల్లో చివరిది అభావం. నైయాయికుల దగ్గర ఊరికే ‘లేదు’ అంటే చెల్లదు. ఏది లేదో చెప్పాలి, దాన్ని ప్రతియోగి అంటారు. ఎక్కడ లేదో చెప్పాలి, అది అధికరణం. నేల మీద కుండ లేదు అన్నప్పుడు కుండ ప్రతియోగి, నేల అధికరణం. ఈ రెంటిలో ఏది మారినా అది వేరే అభావం అవుతుంది.

భౌతికశాస్త్ర పాఠం ఒకటి తెరిచిన విద్యార్థినికి చూపు లేదు. తెర మీద విద్యుత్ వలయం బొమ్మ ఉంది. స్క్రీన్ రీడర్ అక్కడికి వచ్చి ‘ఐఎంజీ అండర్‌స్కోర్ 0042’ అని ఫైలు పేరు చదివి తర్వాతి పేరాకు వెళ్లిపోతుంది. బ్యాటరీ ఎటు ఉందో, నిరోధకాలు వరుసలో ఉన్నాయో సమాంతరంగా ఉన్నాయో ఆమెకు చేరలేదు. ఇక్కడ రెండు అభావాలు ఉన్నాయి. ఆమె కంటికి చూపు లేదు. బొమ్మకు మాటల్లో వివరణ లేదు. రెండూ నిజమే గాని రెండూ ఒక జాతివి కావు. గాలికి రంగు లేకపోవడం వంటి శాశ్వతమైన లేమిని అత్యంతాభావం అంటారు. కుండ చేయకముందు మట్టిలో కుండ లేకపోవడం ప్రాగభావం. ప్రాగభావానికి మొదలు లేదు, అంతం ఉంది. బొమ్మకు వివరణ లేకపోవడమూ ఇలాంటిదే, వివరణ రాసిన క్షణాన పోతుంది. బొమ్మ కింద రెండు వాక్యాలు రాయని లేమిని ఆ విద్యార్థిని కంటికి అంటగట్టడం ప్రాగభావాన్ని అత్యంతాభావంగా పొరబడటమే. విద్యాసంస్థలు చాలాకాలంగా చేస్తూ వచ్చిన పొరపాటు ఇదే.

పొంతన అన్న మాటను ఇంకొంచెం దగ్గరగా చూడాలి. న్యాయ వైశేషికుల లెక్కలో రెండు వస్తువుల కలయిక, అంటే సంయోగం, ఏ ఒక్కదానికో చెందదు, రెంటిలోనూ ఉంటుంది. ఆ కలయిక ఎవరి కదలికతో జరిగిందన్న దాన్ని బట్టి దానిలో భేదాలు చెప్పారు. డేగ వచ్చి కొండరాతి మీద వాలితే కదిలింది డేగ ఒక్కటే. రెండు పొట్టేళ్లు ఢీకొన్నప్పుడు రెండూ కదిలాయి. చదువులో ఇన్నాళ్లూ పాఠం కొండరాయిలా కదలకుండా కూర్చుంది. ఎగిరి వచ్చి వాలే పని అంతా విద్యార్థిదే. చూడలేనివారు ఎవరినో బతిమాలి చదివించుకున్నారు, వినలేనివారు పక్కవాళ్ల నోట్సు నకలు చేసుకున్నారు. 24751 ప్రమాణం పాఠాన్నీ కదలమంటుంది.

ఈ ఆలోచన ఉన్నట్టుండి పుట్టింది కాదు. 1976లో బ్రిటన్‌లోని శారీరక వికలాంగుల సంఘం ఒకటి శరీరంలోని లోపం వేరు, సమాజం కల్పించే అడ్డంకి వేరు అని ప్రకటించింది. 1983లో మైక్ ఆలివర్ దానికి సామాజిక నమూనా అని పేరు పెట్టాడు. తర్వాత వచ్చిన విమర్శకులు, తప్పంతా సమాజానిదే అంటే శరీరం పడే నొప్పి, అలసట లెక్కలోకి రాకుండా పోతాయన్నారు. ఆ విమర్శలో నిజముంది. సంబంధాన్ని ఆధారం చేసుకున్న నిర్వచనం ఈ రెండు వాదాల కంటే పదిలమైన చోట నిలబడుతుంది. అది శరీరాన్ని కాదనదు, నేరాన్ని శరీరం మీద మోపదు.

ప్రమాణం పనిచేసే తీరులో ఈ తత్త్వం స్పష్టంగా కనిపిస్తుంది. దీని వెనక ముఖ్యంగా టొరంటోలో యుటా ట్రెవిరానస్ నడిపిన పరిశోధన కేంద్రం ఉంది. ఆ కేంద్రం ఇప్పుడు ఓకాడ్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఐఎంఎస్ గ్లోబల్ అనే సంస్థ 2003 నుంచి తెచ్చిన నిర్దేశాలు పెరిగి 2008 నాటికి అంతర్జాతీయ ప్రమాణమయ్యాయి. అందులో రెండు పత్రాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి విద్యార్థి అవసరాలూ ఇష్టాలూ తెలిపేది, రెండోది పాఠ్యవనరు ఎలాంటిదో తెలిపేది. వ్యవస్థ రెండూ పోల్చి, ఉన్నవాటిలో సరిపోయే రూపాన్ని తెచ్చి ఇస్తుంది. వీడియో ఒకరు చేసి ఉండవచ్చు, దానికి క్యాప్షన్లు మరో ఊళ్లో మరొకరు రాసి ఉండవచ్చు. ఇది దానికి రూపాంతరం అన్న సంగతి నమోదై ఉంటే చాలు, రెండూ ఒకచోట చేరతాయి.

విద్యార్థి పత్రంలో ఏముందో చూస్తే ఇంకా తేటపడుతుంది. క్యాప్షన్లు తప్పనిసరి. అక్షరాలు పెద్దవైతే మేలు. మౌస్ లేకుండా కీబోర్డుతోనే అన్నీ జరగాలి. తెర మిణుకుమిణుకుమనడం నిషిద్ధం. ఇంతే. ఎందుకు అన్న గడి లేదు. చెవుడా, మూర్ఛా, వణుకా అని అడగదు, డాక్టరు సర్టిఫికెట్ తెమ్మనదు. క్యాప్షన్లు కావాలన్న విద్యార్థి బధిరుడు కావచ్చు, పసిపాప నిద్రపోతున్న గదిలో చదివే తల్లి కావచ్చు. ఒకే మనిషికి పగలు ఒక పత్రం, కళ్లు అలసిన రాత్రికి మరో పత్రం ఉండవచ్చు. కొత్త పాఠశాలకు వెళ్లిన ప్రతిసారీ తన లోపాన్ని నిరూపించుకోవలసి వచ్చిన మనిషికి ఆ గడి లేకపోవడం ఎంత ఊరటో చెప్పనక్కరలేదు.

ఎవరికి తగిన రీతిలో వారికి బోధించాలన్న మాట మన సంప్రదాయానికి కొత్త కాదు. వేదాంత గ్రంథాలు మొదట్లోనే అధికారి, అంటే ఆ చదువుకు అర్హుడు, ఎవరో చెప్పి గాని విషయంలోకి దిగవు. అయితే ఆ అధికారి భేదమే తలుపులు మూయడానికీ పనికొచ్చింది. బ్రహ్మసూత్రాల్లోని అపశూద్రాధికరణం శూద్రులకు వేదవిద్య కాదంది, శంకరులు దాన్ని సమర్థించారు. మీమాంసాసూత్రాల ఆరో అధ్యాయం శరీర లోపం ఉన్నవారిని గురించే చర్చించింది. లోపం నయమయ్యేదైతే యజ్ఞానికి అర్హత ఉంటుంది, నయం కానిదైతే ఉండదు అన్నది అక్కడి సిద్ధాంతం. కారణం కూడా చెప్పారు. యజ్ఞంలో యజమాని నేతిని తేరిపార చూడవలసిన ఘట్టం ఉంది, అంధుడు అది చేయలేడు. విష్ణుక్రమాలని మూడడుగులు వేయవలసిన ఘట్టం ఉంది, కుంటివాడు వేయలేడు. క్రతువులో భాగమైన అంగం ఒక్కటి లోపించినా అది పూర్తి కాదు, కాబట్టి అతనికి అధికారం లేదు. కీబోర్డుతో నొక్కలేని ఒక్క బటన్ వల్ల పరీక్ష మొత్తం రాయలేకపోయే నేటి విద్యార్థి స్థితి దీనికి ఏమీ దూరం కాదు.

అదే మీమాంసలో మరో దారి కూడా ఉంది. ఫలం కోరి చేసే కామ్యకర్మకు అన్ని అంగాలూ ఉండాలి. తప్పక చేయవలసిన నిత్యకర్మను మాత్రం శక్తికొద్దీ చేయవచ్చు, చేయలేని అంగం వదిలినా కర్మ చెల్లుతుంది. విధి అయినదాన్ని అశక్తి పేరుతో ఎవరికీ తప్పించకూడదన్నది దీని వెనక ఉన్న తర్కం. కాబట్టి చదువు కామ్యమా, నిత్యమా అని అడగాలి. 2002లో రాజ్యాంగంలో 21ఏ అధికరణం చేర్చి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కు చేసినప్పుడు, భారత దేశం అది నిత్యమనే చెప్పినట్టయింది. ఇక బొమ్మను కంటితో చూడటం అనే అంగం కోసం పాఠాన్నే దూరం చేయడానికి ఆధారం మిగలదు.

అందరికీ ఒకే నియమం పెట్టి న్యాయం చేయవచ్చు కదా అన్న వాదనకూ బలముంది. వెబ్ అందుబాటుకు, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 1999లో తొలి మార్గదర్శకాలు ఇచ్చింది. 2.0 రూపం 2008లో, 2.1 రూపం 2018లో, 2.2 రూపం 2023లో వచ్చాయి. మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ కాంట్రాస్ట్ కనీసం 4.5కు 1 ఉండాలని, సెకనుకు మూడుసార్లకు మించి ఏదీ మెరవకూడదని అవి చెబుతాయి. ఇవి కొలవదగ్గ నియమాలు, కోర్టులో నిలిచే నియమాలు. కానీ చూపు మందగించిన ఒకరికి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ప్రాణం, పార్శ్వపు నొప్పితో బాధపడే మరొకరికి అదే తెర సూదుల్లా గుచ్చుకుంటుంది. ఒకే కొలత ఇద్దరికీ కుదరదు. అమర్త్య సేన్ 1979లో సమానత్వం దేనిలో అని ప్రశ్నించి, తర్వాత సైకిల్‌ను ఉదాహరణగా తీసుకున్నాడు. సైకిల్ చేతికి రావడం వేరు, దాని మీద ఊరు దాటగలగడం వేరు. తొక్కలేనివారికి సైకిల్ ఇచ్చి సమానంగా పంచామనడం కుదరదు.

అలాగని కనీస నియమాన్ని వదిలేసి అంతా వ్యక్తిగతం చేస్తే ఇంకో ప్రమాదం ఉంది. వెబ్ తొలి రోజుల్లో కొన్ని సంస్థలు అంధుల కోసమని అక్షరాలు మాత్రమే ఉన్న విడి పేజీలు పెట్టాయి. అసలు పేజీ మారుతూ పోయింది, ఈ పేజీ పాతబడి మిగిలింది. విడిగా ఇచ్చినది తరచుగా రెండో రకం సరుకవుతుంది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ రెంటినీ చక్కగా విడదీసింది. అందుబాటు అన్నది ఎవరూ అడగకముందే అందరికోసం నెరవేర్చవలసిన బాధ్యత. సహేతుకమైన సర్దుబాటు ఒక వ్యక్తి అవసరం ముందుకొచ్చినప్పుడు చేసేది. మొదటిది లేకుండా రెండోది మోయలేని బరువవుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం తప్పనిసరి అన్నవాటిని దాని కింద చేసిన నియమం సూచనల స్థాయికి దించిందని కోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది.

తెలుగులో అందరికోసం ఉండవలసిన ఆ మొదటి మెట్టు దగ్గరే పని చాలా మిగిలి ఉంది. అను ఫాంట్లలో కూర్చిన పుస్తకం కంటికి చక్కని తెలుగులా కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అది అర్థంలేని గుర్తుల గుంపు. ఎందుకంటే లోపల ఉన్నది తెలుగు అక్షరం కాదు, తెలుగు బొమ్మ తొడిగిన వేరే గుర్తు. యూనికోడ్‌లోకి మారిస్తేనే అది మాట్లాడుతుంది. స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్ పరిస్థితీ అంతే. చూపున్నవారికీ చిక్కులున్నాయి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కుదించి కట్టిన పెట్టెలో అక్షరాలు పెద్దవి చేయగానే ‘స్త్రీ’ కింది వత్తులు తెగిపోతాయి, పైన గుడి దీర్ఘం పై వరుసను తాకుతుంది. ఇలాంటి పాఠం ముందు విద్యార్థి ఎంత చక్కగా తన ఇష్టాలు రాసిచ్చినా వ్యవస్థ తెచ్చి ఇవ్వడానికి ఏమీ ఉండదు.

చివరి చిక్కు ఇటీవలిది. విద్యార్థిని అడగడం దేనికి, ఆమె నొక్కే తీరును గమనించి యంత్రమే అవసరాన్ని ఊహించదా అన్న ఆలోచన బలపడుతోంది. చూపు కొత్తగా పోయినవారికి, చిన్నపిల్లలకు తమకేం కావాలో తమకే తెలియదు. వారికి నాలుగు రూపాలు చూపి పోల్చి ఎంచుకోనివ్వడం అవసరమే. ఊహ సంగతి వేరు. తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని రాబట్టడాన్ని న్యాయ దర్శనం అనుమానం అంటుంది, దానికి వ్యాప్తి, అంటే ఎక్కడా తప్పని సాహచర్యం ఆధారం. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని ఎవరైనా అంటే నైయాయికులు ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపిస్తారు. అందులో నిప్పుంది, పొగ లేదు. ఆ ఒక్క గుండుతో వ్యాప్తి విరిగిపోతుంది. ట్రెవిరానస్ చెప్పిన అనుభవం సరిగ్గా ఇలాంటిదే. కూడళ్లలో వాహనాలు ఎలా నడవాలో నేర్చుకునే నమూనాలకు ఆమె, చక్రాల కుర్చీని కాలితో వెనక్కి నెట్టుకుంటూ రోడ్డు దాటే మనిషిని చూపించింది. అవి ఆగకుండా ఆ మనిషి మీదుగా పోవడానికే మొగ్గాయి. చక్రాల కుర్చీల గురించి మరింత సమాచారం ఇచ్చి మళ్లీ పరీక్షిస్తే, అదే పొరపాటు ఇంకా ఎక్కువ నమ్మకంతో చేశాయి. ఎక్కువమంది ముందుకే వెళతారని అవి ఇంకా గట్టిగా నేర్చుకున్నాయి.

గణాంకాల లెక్కలో ఇనుప గుండు తీసి పక్కన పెట్టదగ్గ మినహాయింపు. 24751 ప్రమాణానికి మాత్రం ఆ మనిషే మొదటి విద్యార్థి. అందుకే ఇందులో పత్రం పాఠం చెప్పేవారి తీర్పునో వైద్యుడి నిర్ధారణనో అడగదు. తన అవసరం విషయంలో విద్యార్థిని మాటే ఆప్తవాక్యం, అంటే నమ్మవలసిన మాట. ఆ పత్రం ఎవరికి కనబడాలో, ఎప్పుడు చెరిగిపోవాలో నిర్ణయించడం కూడా ఆమె చేతిలోనే ఉండాలి. పేరు రాయకపోయినా, తప్పనిసరి అన్న నాలుగు ఎంపికలు చూసినవారు ఆమె ఒంటి సంగతి ఊహించేయగలరు.