కత్తెర ముందు సంకోచం

పాతబట్ట చిరగడం కాలం చేసే పని. దానిని కత్తిరించడం మాత్రం మనిషి నిర్ణయం, అదీ మరలిరాని నిర్ణయం. ఇంట్లో బొంత కుట్టేవారి చేయి ఒక్కోసారి నెలల తరబడి ఆగిపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కునగరం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కొలువుల కోసం అక్కడికి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు అనేకం. అటువంటి ఒక క్వార్టరులోని గృహిణిని ఊహించుకోవచ్చు. ట్రంకుపెట్టెలో తల్లి కట్టిన నేతచీర, మామగారి పంచెలు, పిల్లల పొట్టి గౌన్లు ఉన్నాయి. చలికాలానికి ముందు వాటిని నేలమీద పరుస్తుంది; కత్తెర చేతబట్టి, కొంతసేపటికి అన్నీ మడిచి మళ్లీ పెట్టెలో సర్దుతుంది. రంగులు కుదరడం లేదని ఆమె అంటుంది. బద్ధకమని ఇంట్లోవారంటారు. దస్త్రం తెరిచి మొదటి వాక్యం రాయలేక కలం మూసిపెట్టిన అధికారికి ఈ స్థితి అంత కొత్తది కాదు.

ఆ ఊరి కర్మాగారంలో తుక్కు ఇనుము కన్వర్టర్‌లో పడితే దాని పూర్వరూపం మిగలదు. బొంతలో అలా కాదు. ప్రతి ముక్కా తాను ఎవరి ఒంటిమీదిదో చెబుతూనే ఉంటుంది. అందుచేత ఆమెను ఆపుతున్నది ఊహాదారిద్ర్యం కాదు, ఒక ధర్మసందేహం. తల్లి చీరను పెట్టెలో దాచడం గౌరవమా, పదిమందికి వెచ్చదనమయ్యేలా కోయడం గౌరవమా? వెనుకటి ఇళ్లలో ఈ ప్రశ్నకు తావు లేదు. చలి వచ్చేది, గుడ్డలు కొద్దిగానే ఉండేవి, ఉన్నవాటితో బొంత తయారయ్యేది.

బౌద్ధ వినయపిటకంలోని మహావగ్గంలో ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చే ప్రస్తావన ఉంది. గట్లతో విడివడిన మగధ వరిమళ్లను బుద్ధుడు ఆనందునికి చూపి, భిక్షువుల చీవరాలను ఆ రీతిగా కూర్చగలవా అని అడిగాడు. ఆ విధంగా కోసి కుట్టిన వస్త్రం శ్రమణులకు తగినది, ఇతరులు ఆశపడనిది. అంటే అక్కడ కోత నష్టం కాదు, వస్త్రానికి యోగ్యత. అయితే ఈ ఉదాహరణ గృహిణికి సగందూరమే తోడువస్తుంది. భిక్షువు మమకారం తెంచుకోవడానికి కోస్తాడు. ఆమెకు కావలసింది మమకారం నిలవడం.

మిగిలిన సగానికి ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్ది స్త్రీలు కుట్టే కవంది ఉపకరిస్తుంది. ఆఫ్రికా మూలాలున్న ఈ సమాజంలో బొంతకు ముందుగా గీసుకున్న నమూనా ఉండదు. అడుగుపొరగా ఒక పాతచీర పరచి, ఒక మూల నుంచి అంచు వెంబడి ముక్కలు చేర్చుతూ, చుట్టూ తిరిగి మధ్యకు వస్తారు. ఏ ముక్క పక్కన ఏది చేరాలో అప్పటికప్పుడు కుదురుతుంది. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డలు పువ్వులుగా కుట్టనిదే ఆ బొంత పూర్తయినట్లు భావించరు. మొత్తం రూపం మనసులో కుదిరాకే సూది పట్టాలన్న నియమం వారికి లేదు; ఆ నియమమే భిలాయి గృహిణి చేతిని కట్టివేసింది.

ఆమె ఈసారి చీర జోలికి పోకుండా, అంచులు నలిగిన పంచెను అడుగున పరచి, పిల్లల గౌను ముక్కతో మూల నుంచి మొదలుపెట్టవచ్చు. తల్లి చీర వంతు కుట్టు మధ్యకు చేరే వేళకు గాని రాదు. అప్పటికి చలి దిగుతుంది.