నెహెమ్యా అడిగిన తాకీదులు

ధ్యాన భాగము: నెహెమ్యా 2:1-9



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గల్ఫ్‌నకు మనిషిని పంపని ఊరు అరుదు. బోర్లు ఎండినవారును, మగ్గము కూడు పెట్టనివారును అప్పు చేసి విమానమెక్కిరి. వారి వెనుక మన స్త్రీలు బీడీలు చుట్టుచు పిల్లలను పెంచిరి. ఇప్పుడు మన సంఘములలో డిగ్రీయు, బి.ఎడ్.యు ముగించిన బిడ్డలున్నారు. వారిలో కొందరు అక్కడి పాఠశాలలలో ఆంగ్లము బోధించుటకై పోవలెనని కోరుచున్నారు. ఇది సంతోషకరమైన సంగతి. వారు వచ్చి, "అయ్యగారూ, నా వీసా కొరకు ప్రార్థన చేయుండి" అని అడుగుదురు. ప్రార్థింతుము. అయితే ప్రార్థించితిమి గనుక కాగితముల సంగతి ఏజెంటే చూచుకొనునని తలంచువారు నెహెమ్యా చేసినదానిని చూడవలెను.

1. ప్రార్థించినవాడే పత్రమును అడిగెను

నెహెమ్యా షూషను కోటలో రాజునకు ద్రాక్షారసపు గిన్నె అందించు ఉద్యోగి. యెరూషలేము గోడలు పడిపోయినవని హనానీవలన విని యేడ్చెను, ఉపవాసముండెను. కిస్లేవు మాసము మొదలుకొని నీసాను మాసమువరకు, అనగా దాదాపు నాలుగు నెలలు, ఆ భారము మోసెను. రాజు అతని ముఖము చూచి నీకేమి కావలెనని అడిగినప్పుడు, జవాబిచ్చుటకు ముందు మరల దేవునికి ప్రార్థించెను. అటుపిమ్మట అడిగినదేమి? ఎన్నాళ్లు పట్టును, ఎప్పుడు తిరిగివచ్చెదవని రాజు అడుగగా, ఇంత కాలమని నిర్ణయించి చెప్పెను. దారిలోని అధికారులు తన్ను దాటనిచ్చునట్లు వారి పేరట తాకీదులు అడిగెను. మ్రానులు ఇప్పించునట్లు అడవులు కాయు ఆసాపు పేరట మరియొక తాకీదు అడిగెను.

ఇప్పటి మాటలలో చెప్పవలెనంటే, మొదటిది ఒప్పందపు గడువు, రెండవది ప్రవేశపు అనుమతి, మూడవది పనికి కావలసినవి ఇచ్చెదమను వ్రాత. ఇవి అడిగినందున అతని విశ్వాసము తగ్గినదా? లేదు. తనకు తోడైయున్న దేవుని కరుణా హస్తమువలననే రాజు వాటిని ఇచ్చెనని అతడే సాక్ష్యము చెప్పుచున్నాడు. సరియైన పత్రము దేవుని చేతినుండి వచ్చిన దీవెనయే.

2. ముద్రలన్నియు మొదటి కాగితముమీద నిలుచును

ఉపాధ్యాయుడుగా పోగోరువాని డిగ్రీ పత్రము అనేకుల చేతులు దాటవలెను. మొదట రాష్ట్ర ప్రభుత్వపు అధికారి ధృవీకరించును. తరువాత భారత విదేశాంగ శాఖ ముద్ర వేయును. పోవు దేశము 1961 నాటి హేగ్ ఒప్పందములో చేరినదైతే ఆ ముద్రను అపోస్టిల్ అందురు. ఈ మాటకును మన అపొస్తలులకును సంబంధము లేదు. భారతదేశము 2005లో ఆ ఒప్పందములో చేరినది. ఒమాన్, బహ్రెయిన్ 2012, 2013లలో చేరినవి. సౌదీ అరేబియా 2022లో చేరినది. చేరని దేశమైతే, ఆ దేశపు రాయబార కార్యాలయము కూడ ముద్ర వేయవలెను. ఇవిగాక, నేరచరిత్ర లేదను పోలీసు ధృవపత్రమును పాస్‌పోర్టు కార్యాలయమువారివలన తీసికొనవలెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. అపోస్టిల్ వేసిన అధికారి, క్రింది సంతకమును ముద్రయు నిజమైనవేయని మాత్రమే చెప్పును. లోపల వ్రాసిన మాట సత్యమో కాదో అతడు చెప్పడు. మొదటి కాగితము అబద్ధమైతే పై ముద్రలన్నియు ఆ అబద్ధముమీదనే కూర్చుండును.

శోధన అచ్చటనే వచ్చును. పాఠశాలవారు రెండేండ్ల అనుభవము అడుగుదురు. మన బిడ్డకు ఆరు నెలలే యున్నది. మిగిలినది నేను వ్రాయించెదనని ఏజెంటు అనును. ప్రియులారా, అబద్ధసాక్ష్యము న్యాయసభలో నోటితో పలుకునది మాత్రమే కాదు, కాగితముమీద టైపు చేయించునదియు అదియే. పరీక్షలో చూచి వ్రాయవద్దని పిల్లలకు చెప్పవలసినవాడు తానే దొంగపత్రముతో తరగతిలో నిలిచిన, ఏ ముఖముతో చెప్పును? బోధకులకు తీర్పు మరి కఠినమని యాకోబు హెచ్చరించెను గదా (3:1). అది బయలుపడిన దినమున ఉద్యోగము పోవును, చెర రావచ్చును. ఏజెంటు మాత్రము ఇక్కడ సుఖముగానుండును.

పేరుల విషయమును చూచుకొనుడి. ఇంట పిలుచునది ఒకటి, బడిలో వ్రాయించినది ఒకటి, బాప్తిస్మపు పేరు మరియొకటి. పదవ తరగతి మెమోలోను, డిగ్రీలోను, పాస్‌పోర్టులోను పేరు, పుట్టిన తేదీ ఒక్కటిగా నుండవలెను. చెరనుండి తిరిగివచ్చిన యాజకులలో కొందరు వంశావళి పుస్తకములో తమ పేళ్లు వెదకి, కనబడనందున యాజకత్వమునకు దూరమైరి (ఎజ్రా 2:62). తప్పులుంటే ప్రయాణమునకు చాల ముందుగానే, చట్టప్రకారము దిద్దించుకొనుడి.

3. అనుమతి లేని దారి

కొందరు విజిట్ వీసామీద పొమ్మందురు, అక్కడ చేరిన తరువాత పని దొరకునందురు. చూచి వచ్చుటకిచ్చిన పత్రము పని చేయుటకు అనుమతి కాదు. ఆజాద్ వీసా అని చెప్పి లక్షలు తీసికొనువారున్నారు. అటువంటి దారిన పోయి, "ఖల్లివల్లి" అయి, పోలీసును చూచి దాగుకొను మనవారి బ్రదుకు మీరెరుగుదురు. యు.ఏ.ఇ. ప్రభుత్వము 2018లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, పత్రములు లేనివారు జరిమానా లేకుండ ఇల్లు చేరుటకు త్రోవ కలిగెను. ఆ ద్వారము గడువు దినమున మూయబడును.

పదవ తరగతి తప్పినవారికి, గల్ఫ్ దేశములతో కలిపి 18 దేశములకు ఉద్యోగమునకై పోవుటకు ప్రవాస అనుమతి కావలెనని 1983 నాటి చట్టము క్రింద నియమమున్నది. అట్టివారికి 10 లక్షల రూపాయల ప్రమాద బీమా కూడ కలదు. చదువుకొన్నవారికి ఆ అనుమతి అక్కరలేదు గనుక వారు మరింత జాగ్రత్తపడవలెను. ఏజెంటునకు లైసెన్సు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ లో చూడవచ్చును. అతడు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలును, దానిపై జి.ఎస్.టి.యు మాత్రమే. పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు సొత్తు. దానిని తాకట్టు పెట్టుటకు ఎవనికిని హక్కు లేదు.

4. మట్టికుండలో దాచిన పత్రము

యిర్మీయా అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనినప్పుడు సాక్షులను పిలిచి, పత్రము వ్రాసి, ముద్రవేసి, అది బహుదినములు నిలుచునట్లు మట్టికుండలో దాచుమని బారూకునకు అప్పగించెను (32:9-14). పట్టణము ముట్టడిలోనున్న దినములలో ఆ పని చేసెను. ఆ పత్రము నిరీక్షణకు గురుతాయెను.

తల్లులారా, భార్యలారా, మీ వాడు బయలుదేరకముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము, ఏజెంటునకు ఇచ్చిన సొమ్ము రసీదు, వీటి జిరాక్సులు మీ పెట్టెలో ఉంచుకొనుడి. అక్కడ ఏదైన కీడు సంభవించిన, ఆ కాగితమే మీ నోరగును. చదువ రానియెడల సంఘములో చదువు వచ్చినవారిచేత ఆదివారము ఆరాధన తరువాత చదివించుకొనుడి. పెద్దలారా, దీనికొక గంట యియ్యుట ప్రేమగల పరిచర్య. బాప్తిస్మపు పుస్తకములోని తేదీ మార్చి వ్రాయుమని ఎవరైన కాపరిని అడిగినయెడల, అతడు కాదనవలెను. సంఘము అతని పక్షమున నిలువవలెను.

నెహెమ్యా పండ్రెండేండ్లు అధికారిగానుండి, పిమ్మట రాజునొద్దకు తిరిగిపోయెను (5:14, 13:6). పోవు మన బిడ్డలును సత్యమైన పత్రముతో పోయి, ఒప్పుకొన్న కాలము నమ్మకముగా పనిచేసి, తలయెత్తుకొని ఇల్లు చేరుదురు గాక. అక్కడివారు వారి పత్రములు చదువుదురు, తరువాత వారి నడవడిని చదువుదురు. మీరే క్రీస్తు పత్రికయని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాట వారియందు నిజమగును గాక. ఆమేన్.